అప్పీలు గెలిచిన సాయంత్రం

మొన్న కేవైసీ పని మీద బ్యాంకుకి వెళ్తే, కౌంటరులోని అమ్మాయి ట్యాబ్ నా ముందుకి జరిపి, దాని మీద వేలితో సంతకం పెట్టమంది. ఏం రాసుందో చదివితేగాని పెట్టనన్నాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. నా ఈడువాళ్ళయితే ఆ జంకు అర్థం చేసుకుంటారని ఈ నాలుగు మాటలు.

నరసాపురం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో గుమాస్తాగా చేసేవాణ్ణి. యజమాని నా పేరు మీద ఇంకో కంపెనీ తెరిచి, నన్నే డైరెక్టరుని చేసి, అడిగినప్పుడల్లా సంతకాలు పెట్టించుకునేవారు. దానికి చెరువూ లేదు, రొయ్యా లేదు. ఎవరిదో దొంగసొమ్ము దాని ఖాతాలోకొచ్చి, రొయ్యలమ్మిన డబ్బుగా బయటికి పోయేది. అది బయటపడ్డాక కుట్రలో నాకూ భాగముందని, ఆయనతోపాటు నాకూ శిక్ష వేశారు. హైకోర్టులో అప్పీలు వేసుకుని, బెయిలు మీద ఇల్లు చేరాను.

ఆపైన నాలుగేళ్ళు వాయిదాలే. మొగల్తూరు నుంచి తెల్లారకుండానే బయల్దేరి, నరసాపురంలో రైలెక్కి, విజయవాడలో దిగి మళ్ళీ బస్సు పట్టుకుని వెళ్తే, మా కేసు పిలవకుండానే ఇంకో తేదీ పడేది. రానక్కర్లేదని వకీలుగారు ఎంత చెప్పినా ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. మా ఆవిడ పెరుగన్నం కట్టుకుని ప్రతిసారీ వెంట వచ్చేది.

చివరికి విచారణ జరిగింది. సంతకం పెట్టడం వేరు, తెలిసి పెట్టడం వేరని వకీలుగారు వాదించారు. నాకు తెలుసనడానికి రుజువు లేదని జడ్జిగారు నా శిక్ష కొట్టేశారు. యజమాని అప్పీలు మాత్రం పోయింది.

తిరుగు రైల్లో ఆకివీడు దాటాక మా ఆవిడ మెల్లగా అడిగింది.

"ఏవండీ, ఇన్నాళ్ళూ అడగలేదు. మీకు నిజంగా తెలీదా అండి?"

కోర్టులో గెలిచినవాణ్ణి, ఆవిడ దగ్గర అబద్ధమాడలేకపోయాను.

"రెండో ఏడు నుంచీ తెలుసే. అడిగితే ఉద్యోగం పోద్దని ఊరుకున్నాను."

ఆవిడ కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ కూర్చుంది.

ఆ నాలుగేళ్ళూ రైల్లో పక్కన ఎవరు కూర్చున్నా, మా ఆయనకి ఏ పాపమూ తెలీదండి అని చెప్పుకొచ్చేది. ఆ సాయంత్రం తర్వాత ఆ మాట ఆవిడ నోట వినలేదు. నాకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే తల నొక్కింది, పోయినేడు కన్నుమూసింది. ఇప్పుడు వాయిదా తేదీలు కూడా ఫోనులోనే వస్తున్నాయట, అంతంత దూరాలు తిరగక్కర్లేదట. ఊళ్ళోవాళ్ళు నన్ను నిర్దోషి అనే అంటారు. అలా నమ్మిన మనిషి పక్కనుండగా విచారణకి వెళ్ళిన రోజులే నయమనిపిస్తుంది.