మరిడమ్మ సన్నాయి, మా స్పైరోమీటరు

1998 వేసవి. తూర్పు గోదావరి జిల్లాలోని ఒక మెడికల్ కాలేజీలో, ఫిజియాలజీ విభాగంలో నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఫిజియాలజీ అంటే ఏ జబ్బూ లేని ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పే చదువు. "అయితే మీరు వైద్యం చెయ్యరన్నమాట!" అని పెళ్లిళ్లలో జాలిపడే వాళ్లకి జవాబు చెప్పీ చెప్పీ నా నాలుక పదునెక్కింది. నాడి, రక్తపోటు, కండరాల అలసట, ఊపిరి కొలతలు, ఇవీ మా ల్యాబులో జరిగే పరిశోధనలు. మసి పట్టించిన కాగితాన్ని డ్రమ్ముకి చుట్టి తిప్పితే, కప్ప గుండె తనకు కట్టిన ముల్లుతో దానిమీద తెల్లటి గీతలు గీసేది. ఆ మసి వాసన కోసం ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఆ ఏడాది మా పని రైసు మిల్లుల దుమ్ము మీద. ఊక, తవుడు పీల్చేవాళ్ల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడాలని మండపేట మిల్లుల నుంచి కూలీలను లారీలో రప్పించేవాళ్లం. మా దగ్గరున్నది పాతకాలపు స్పైరోమీటరు. నీళ్ల తొట్టిలో ఒక డొల్ల గంట బోర్లించి ఉంటుంది. గొట్టంలోకి ఊదితే గంట పైకి లేస్తుంది, దానికి కట్టిన పెన్ను తిరిగే కాగితం మీద గీత గీస్తుంది. ఛాతీ నిండా పీల్చిన గాలిని ఒక్క ఉదుటున వదలాలి. మొదటి సెకనులో ఎంత బయటికొచ్చిందన్నదే అసలు లెక్క. దీన్ని టైమ్డ్ వైటల్ కెపాసిటీ అంటాం. లోపలి దారులు ఇరుకైతే ఆ మొదటి సెకను గాలి తగ్గిపోతుంది.

అప్పారావు గారు అలా వచ్చినవాడే. సొంతూరు పెద్దాపురం, అసలు వృత్తి సన్నాయి. పెళ్లిళ్లకి క్యాసెట్లు వచ్చాక మిల్లులో బస్తాలు విప్పి ధాన్యం గుమ్మరించే పనిలో చేరాడు. వెంట భార్య సత్యవతి కూడా వచ్చింది.

"దగ్గు, ఆయాసం. ఈ స్థితిలో సన్నాయి ఎందుకండి? మానమని మీరైనా చెప్పండి డాక్టరమ్మా" అందామె.

"ఆషాఢంలో మరిడమ్మ జాతరండి. అమ్మవారి ముందు మా నాన్న ఊదేవారు, ఆయన తర్వాత నేను. మిగతా ఊదుడంతా పోయింది. అదొక్కటీ ఉండనివ్వండమ్మా" అన్నాడాయన.

గాలి అటు పోకుండా ముక్కుకి క్లిప్పు పెట్టబోతే తల వెనక్కి లాక్కున్నాడు. "ముక్కు మూసేస్తే ఊదేదెలాగండి?"

సరే, ఒకసారి అలాగే కానివ్వమన్నాను. ఊదడం మొదలెట్టాడు. గంట లేచింది, ఇంకా లేచింది. ఆయన ఆపడే! బుగ్గల్లో దాచిన గాలి గొట్టంలోకి వెళ్తుంటే ముక్కుతో కొత్తగాలి పీలుస్తున్నాడు. చివరికి గంట అంచు నీళ్లు దాటి బుడబుడమని బుడగలు కక్కింది. చుట్టూ నిలబడ్డ మా విద్యార్థులు పగలబడి నవ్వారు. సత్యవతి నెత్తి కొట్టుకుంది. "సర్కారు సామాను కూడా పాడుచేశారా!"

రెండోసారి క్లిప్పు పెట్టి, ఒక్కసారిగా వదలమన్నాను. నెమ్మదిగా, తీగ లాగినట్టు వదిలాడు. మొదటి సెకను గాలి చాలా తక్కువొచ్చింది.

మా ప్రొఫెసర్ గారు కాగితం చూసి తేల్చేశారు. "దారులు బాగా మూసుకుపోయాయి. ఊదీ ఊదీ తెచ్చుకున్నదే. సన్నాయి మానెయ్యమనండి."

అప్పారావు గారు భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టుకున్నాడు. ఆ మడత చూసి నాకు ఒళ్లు మండింది.

"ఊక దుమ్ము మీద పరిశోధన చేస్తూ నేరం సన్నాయి మీద వేస్తారేంటండి?" అన్నాను.

"గీత కనిపిస్తోంది కదమ్మా."

"గీతే చెబుతోందండి. జబ్బు గీత ముందు కాస్త నిటారుగా లేచి తర్వాత వంగుతుంది. ఇది మొదటి నుంచి చివరిదాకా స్కేలు పెట్టి గీసినట్టుంది. ఇంత తిన్నగా గీసే జబ్బు ఎక్కడుంది? ఈయన గాలిని పొదుపుగా వదులుతున్నారు."

"అయితే గట్టిగా ఊదించండి చూద్దాం" అన్నారాయన, కుర్చీలో వెనక్కి వాలి.

అదే చిక్కు. ఎంత చెప్పినా అప్పారావు గారికి చేతకాలేదు. "ఊపిరిని అలా పారబోస్తారా అమ్మా?" అన్నాడు నొచ్చుకుంటూ. మూడుసార్లు ఊదించాను, మూడూ తిన్నని గీతలే. ప్రొఫెసర్ గారు వాచీ చూసుకున్నారు.

అప్పుడు విసుగెత్తి అరిచింది సత్యవతి. "సన్నాయి పీకలో ఉమ్మి అడ్డుపడితే ఫట్టుమని ఊదుతారు కదా! నా మొహం మీద పడేలా! అలా ఊదండి!"

ఆయన కళ్లు మెరిశాయి. ఊదాడు. గంట ఎగిరిపడింది.

కొత్త గీతలోనూ లోటు లేకపోలేదు. మిల్లులో తోటివాళ్లందరికీ ఉన్నపాటి ఇరుకు ఆయనకీ ఉంది, అంతే. ఛాతీ జబ్బుల విభాగం డాక్టరుగారు కూడా పరీక్షించి సన్నాయికి అడ్డు చెప్పలేదు. "మానాల్సింది దుమ్మండి, సన్నాయి కాదు" అన్నాను. తువ్వాలు మళ్లీ భుజమెక్కింది. సత్యవతి మాత్రం నావైపు గుర్రుగా చూసింది, నాకు సాయం చేసి తానే ఓడిపోయినందుకు.

జాతరకి రమ్మని మరీమరీ పిలిచారు. సరిగ్గా అప్పుడే నాకు పరీక్షల డ్యూటీ పడింది. తర్వాత ఒకరోజు సత్యవతి ప్రసాదం పట్టుకుని ల్యాబుకొచ్చింది. స్టూలు మీద కూర్చుని ఆ గంటకేసి చూసింది.

"ఊదారండి. ఒక్క దగ్గు రాలేదు. మధ్యలో నాకే ఏడుపొచ్చింది" అంది. "మిల్లులో తూకం దగ్గరికి మార్చారు, అక్కడ దుమ్ము తక్కువ. మీరు వినాల్సిందమ్మా."

"వచ్చే ఏడు తప్పకుండా వస్తాను" అన్నాను. వచ్చే ఏటికి నాకు బదిలీ అయింది. మళ్లీ వాళ్ల కబురు తెలియలేదు.

ఇప్పుడు కంప్యూటరు స్పైరోమీటర్లు వచ్చాయి. గంట లేదు, నీళ్లు లేవు, బుడగలు లేవు. ఊదీ ఊదకముందే జబ్బు పేరు అచ్చేసి చేతిలో పెడతాయి. నా విద్యార్థులు ఆ కాగితం తెచ్చిన ప్రతిసారీ ఒకటే అడుగుతాను: ఈ మనిషి ఏం పని చేస్తాడు? తెలియదంటే వెనక్కి పంపిస్తాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ.

పెద్దాపురం మీదుగా బస్సులో వెళ్తూ ఎక్కడ సన్నాయి వినబడినా కిటికీ అద్దం జరుపుతాను. అప్పారావు గారి ఊపిరి గీతని కళ్లు మూసుకుని గీయగలను. ఆ ఊపిరి మీద పాట ఎలా నడిచేదో మాత్రం ఇప్పటికీ తెలియదు.