థోర్వాల్డ్ బావ కొలిచిన ఇరవై గుల్లలు

మోంటానాలో మా లోయ వైపు కాల్చిన తూటా గుల్లల్లో ఇంట్లోనే మళ్లీ మందు నింపుకునేవాళ్లలో సగం మంది నా దగ్గర నేర్చినవాళ్లే. ఒక్క గది బడిలో ఎనిమిదో తరగతితో చదువు ఆపాను గాని, అంగుళంలో వెయ్యోవంతు తేడా వస్తే వేలి కొనతో పసిగడతాను. నలభై ఒక్క ఎల్క్ దుప్పులను కొట్టాను. మా చెల్లెలి పేరు ఇంగ; ఆమె భర్త థోర్వాల్డ్ ఒక్కడే నా దగ్గర నేర్చుకోలేదు. “పుస్తకం ఉండగా నువ్వెందుకు బావా?” అన్నాడు.

మంచి మనిషే. ఒంటి వేడి తగిలితే కొలత మారుతుందని మందం, పొడుగు కొలిచే కాలిపర్‌ను చొక్కా జేబులో కూడా పెట్టుకోడు. ఇంగ చెయ్యి ఎన్నడైనా అంత జాగ్రత్తగా పట్టుకున్నాడో లేదో నాకు తెలియదు.

కిందటేడు ఇంగకు కొండగొర్రె వేట పర్మిట్టు లాటరీలో తగిలింది. ఇరవై మూడేళ్లు దరఖాస్తు పెడితే వచ్చింది. ఆమె వయసుకు మళ్లీ రావడం కల్ల. తూటాలు తానే చేస్తానని బావ పట్టుబట్టాడు. ఇరవై ఖాళీ ఇత్తడి గుల్లలను ఒక్కొక్కటి మూడేసిసార్లు కొలిచి, మూతులు తరిగి, గరుకు తీశాడు. దానికి మూడు వారాలు పట్టింది.

వేట రేపనగా, ఇంకా మందు నింపకముందే, ఇంగ ఒక గుల్లను రైఫిల్లో పెట్టి, వెనక బిగించే బోల్టును మూయబోయింది. చివర్లో బిగిసింది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే. నాకు కబురు పంపితే వెళ్లాను.

“నా కొలత తప్పదు,” అన్నాడు బావ.

“ఎప్పుడు కొలిచావు?”

“తరిగేటప్పుడు.”

“అచ్చులో పెట్టి నొక్కిందెప్పుడు?”

“ఆ తర్వాత.”

“కాల్చిన గుల్ల ఉబ్బి ఉంటుంది బావా. నొక్కితే ఆ ఉబ్బు మెడలోకి పాకి గుల్ల పొడుగవుతుంది, బోల్టు మూయనివ్వదు. ముందు నొక్కాలి, ఆ తర్వాత తరగాలి.”

“ఆ ముక్క పుస్తకంలో ఉంటే కదా.”

“ఆరో పేజీలో ఉంది అన్నయ్యా,” అంది ఇంగ. “ఈయన నేరుగా కొలతల పట్టిక దగ్గరికి పోయాడు. జరుగు థోర్వాల్డ్, నేను తరుగుతా, నువ్వు కొలువు. ఒక్కసారే కొలువు.”

ఆ సాయంత్రానికి ఎనిమిది గుల్లలు కుదిరాయి. బోల్టు వెన్నలా మూసుకుంది. మందు ఇంగే నింపింది.

వేటలో నాలుగోనాడు ఇంగ కాల్చిన రెండో తూటాకు పొట్టేలు పడింది. మొదటిది ఎందుకు తప్పిందంటే, గాలి వల్ల అంది ఇంగ. కొలత వల్ల అనబోయి, బావ ముఖం చూసి నేనూ గాలే అన్నాను. అతను మాంసమంతా రెండు విడతలుగా కొండ దింపాడు.