అనుమానం మేడం

మొన్న శింగనమల బస్సులో నా పక్క సీటామె చేతిరుమాలు తీసి, దాని మీద నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా వీపు దానంతటదే నిటారయింది. ఒళ్లో దిద్దుకుంటున్న పరీక్ష పేపర్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎవరో నా భుజం మీదుగా వంగి నేను రాసింది చదువుతున్నట్టు, ఇంకో క్షణానికి "ఇది యాడ నుంచి వచ్చింది?" అని అడగబోతున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. వెనక సీట్లో ఒక పెద్దాయన ఎండకు తువ్వాలు ముఖం మీద వేసుకుని నిద్రపోతున్నాడు.

నాగరత్న మేడం పోయి రెండేళ్లవుతోంది. అనంతపురంలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఆమె ఫిజిక్స్ చెప్పేవారు. సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా జలుబు వదిలేది కాదు. నీలగిరి తైలం వాసన ముందు వచ్చేది, ఆ తర్వాత ఆమె వచ్చేవారు. పిల్లలందరం ఆమెను 'అనుమానం మేడం' అనేవాళ్లం. హాజరు పలికిన గొంతు ఆ పిల్లదో కాదో తలెత్తి చూసేవారు. ల్యాబుకు కొత్త గడియారం వస్తే పాతదాని పక్కన పెట్టి వారం రోజులు నడిపించి గాని మా చేతికి ఇచ్చేవారు కాదు. కొత్త స్కేళ్లు వస్తే ఒకదాని పక్కన ఒకటి ఆనించి గీతలు కలుస్తున్నాయా అని కళ్లు చిట్లించి చూసేవారు. "కంపెనీ వాడు వేసిన గీతలే గదా, దేవుడు వేసినవి గాదు గదా" అనేవారు.

నేను ధర్మవరం పిల్లను. మా నాయన మగ్గం నేసేవాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మొదటి ఇంటర్నల్ పరీక్షలో క్లాసంతటికీ నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. పేపర్లు పంచేటప్పుడు మేడం నా పేపరు మాత్రం ఇవ్వలేదు. చివర్లో నన్ను బోర్డు దగ్గరికి పిలిచి అందరి ముందూ అడిగారు.

"ఎవురి దాంట్లో చూసి రాసినావు?"

"చూడలేదు మేడం."

"ఈ వాలు మీద దొర్లే గుండు లెక్క క్లాసులో ఇంకెవురికీ రాలేదు. నీకు వచ్చింది. సరే. కింద లారీ లెక్క చూడు. బ్రేకు తొక్కినాక లారీ ఎంత దూరం పోయి నిలబడతాదని అడిగితే ఏం రాసినావు?"

చూసుకున్నాను. మీటర్లకు బదులు కిలోమీటర్లు పడింది. "నలభై కిలోమీటర్లు మేడం" అన్నాను.

"ఈడ టవర్ క్లాక్ కాడ బ్రేకు తొక్కితే, రాప్తాడు దాటి పోయి, ధర్మవరంలో మీ ఇంటి ముందర నిలబడతాదా లారీ?"

క్లాసంతా గొల్లున నవ్వింది. మేడం నవ్వలేదు. "కష్టమైన లెక్క చేసిన పిల్ల దీన్ని ఎట్ల నమ్మింది? అందుకే అడుగుతాండా, చూసి రాసినావా అని."

"లెక్కలో అట్ల వచ్చింది మేడం."

"లెక్కలో వస్తే నమ్మేస్తావా?"

అంకెలు మార్చి రెండు లెక్కలూ మళ్లీ బోర్డు మీద చేయించారు. సుద్దముక్క విరిగిపోయేంత గట్టిగా పట్టుకుని చేశాను. రెండూ సరిగానే వచ్చాయి. "చెయ్యడం వచ్చు నీకు. అర్థమయిందో లేదో ఇంకా తెలీదు" అని పేపరు చేతికిచ్చారు. ఆ రోజు హాస్టలుకు నడిచి పోతూ దారి పొడుగునా ఒక్కటే అనుకున్నాను. టౌన్లో కాన్వెంటులో చదివి వచ్చిన పిల్లలు బాగా రాస్తే తెలివి, మగ్గం నేసేవాడి కూతురు బాగా రాస్తే దొంగతనం. ఆమె నన్ను అనుమానించిన దానికి రెట్టింపు నేను ఆమెను అనుమానించడం మొదలుపెట్టాను.

తర్వాత ఆమె ఏం చేసినా నాకు అందులో ఏదో మతలబు కనిపించేది. నన్ను ముందు బెంచీలోకి మార్చారు. చూచిరాతకు వీల్లేకుండా చేశారనుకున్నాను. ఒక రోజు క్లాసయ్యాక "ఆదివారం మా ఇంటికి రా, కొన్ని లెక్కలుండాయి" అన్నారు. హాస్టల్లో నా గదిలో ఉండే సుజాత ఆ మాట విని మంచం మీద లేచి కూర్చుంది. "ఊరికే ఎవురే పిలిచేది? ఇల్లు తుడిపిచ్చుకునేదానికేమో చూసుకో" అంది. ఫోనులో చెప్తే మా నాయన ఇంకో అనుమానం తీశాడు. "ధర్మవరం పిల్లవని తెలుసు గదా ఆయమ్మకు. నాలుగు లెక్కలు చెప్పి చీర అడుగుతాది చూడు పాపా."

ఆమె ఇల్లు తుడిపించలేదు, చీర అడగలేదు. ఒంటరిగా ఉండే ఇల్లు అది. వరండాలో చాట ముందు పెట్టుకుని శెనక్కాయలు వలుస్తూ నాకు లెక్క చదివి వినిపించేవారు. పెన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. "ముందు జవాబు ఎంత ఉండొచ్చో చెప్పు" అనేవారు. "చెయ్యకుండా ఎట్ల తెలుస్తుంది మేడం" అంటే, "సంతలో వంకాయలు చూస్తానే ఎన్ని కేజీలో చెప్తారు గదా మీ అమ్మ? అట్లనే" అనేవారు. నేను ఏదో ఒకటి చెప్పాలి. అప్పుడు పెన్ను ఇచ్చేవారు. వచ్చిన జవాబు నేను అనుకున్నదానికి మరీ దూరంగా ఉంటే రెండింటిలో ఏది తప్పో నేనే తేల్చాలి. దగ్గరగా ఉన్నా వదిలేవారు కాదు. "ఇంకో దారిలో చెయ్యి. అప్పుడూ అంతే వస్తే అప్పుడు నాకు చూపించు." పుట్టినప్పటి నుంచి నేను చదువంటే గుర్తుపెట్టుకోవడం అనుకున్నాను. ఆ వరండాలో కూర్చున్నాక మొదటిసారి, నా చేత్తో నేనే రాసినదాన్ని కూడా పరాయివాళ్లు రాసినట్టు చూడడం అలవాటయింది.

ఒక సాయంత్రం పడమటి కిటికీ తలుపు మూసి, అందులో మేకు పట్టేంత సందులోంచి వచ్చే ఎండను అట్టముక్క మీద పట్టించారు. గుండ్రటి వెలుగు పడింది. అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ అని చెప్పి, ఆ బొమ్మ వెడల్పు, కిటికీ నుంచి అట్టకు దూరం కొలవమన్నారు. ఆ రెండింటి నిష్పత్తిని మేడం చెప్పిన సూర్యుడి దూరంతో హెచ్చించి, సూర్యుడు ఎంత పెద్దవాడో లెక్క కట్టాను. పుస్తకంలో ఉన్నదానికి చాలా దగ్గరగా వచ్చింది. గదిలో కూర్చుని సూర్యుణ్ణి కొలిచేశానని నాకు ఒళ్లు పులకరించింది.

"పుస్తకంతో సరిపోయింది కాబట్టి నిజమనుకుంటాండావా?" అన్నారు మేడం.

"అవును మేడం."

"పుస్తకమే లేకుంటే ఏం చేసేదానివి? అట్టను వెనక్కి జరిపి మళ్లీ కొలువు. యాడ పెట్టినా నిష్పత్తి ఒకటే రావాల. వస్తే నమ్ము, పుస్తకం ఏమన్నా చెప్పనీ."

ఎండ పోయేదాకా అట్ట జరుపుతూనే ఉన్నాను. ఒకటే వచ్చింది. అంత సంతోషంలో కూడా నాకు అనుమానం పోలేదు. ఇంతసేపు నా మీద ఎందుకు ఖర్చు పెడుతోంది ఈమె?

అదే అనుమానంతో మా నాయన ఒక రోజు చీర తీసుకుని నేరుగా ఆమె ఇంటికే వచ్చేశాడు. "మా పాపకు చదువు చెప్తాండారు, కాదనాకండి" అని చేతిలో పెట్టబోయాడు. మేడం చీర విప్పి, కొంగు చివర వదులుగా ఉన్న జరీపోగు ఒకటి లాగి, అసలు జరీకి లోపల ఉండే ఎర్రదారం కనిపించేదాకా గోటితో గీకి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మంచి జరీ అని తేలాక లోపలికి పోయి చీర వెల మొత్తం తెచ్చి నాయన ముందు పెట్టి, తీసుకునేదాకా కదలనివ్వలేదు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను గాని, బస్టాండులో మా నాయన ముఖం వెలిగిపోతోంది. "ఈయమ్మను నమ్మొచ్చు పాపా. జరీ గీకి చూసే మనిషి నీకు నకిలీ చదువు చెప్పదు" అన్నాడు.

సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. ఫిజిక్స్‌లో కాలేజీలోకెల్లా నాకే ఎక్కువ. హాస్టల్లో సుజాత అందరికీ మైసూర్‌పాక్ పంచింది. రెండు రోజులకు ప్రిన్సిపాల్‌గారి నుంచి పిలుపు వచ్చింది. లోపలికి పోయేసరికి మేడం అప్పటికే ఒక పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేసినారమ్మా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఆయన చరిత్ర సారు, మెత్తటి మనిషి. "ప్రతి ఆదివారం నువ్వు మేడం ఇంటికి పోతావంట. పేపరు తయారు చేసేది మేడమే గదా, ప్రశ్నలు ముందే చెప్తారంట. నేను నమ్మినానని గాదు. కానీ పైకి కూడా చెప్తామంటాండారు."

పేపరు రద్దయితే ఏడాది పోతుంది. ఏడాది పోతే మా ఇంట్లో చదువు మాటే పోతుంది. ఇవన్నీ కళ్ల ముందు తిరిగాయి. నేను మేడం వైపు చూశాను. ఒక్క మాట, 'ఈ పిల్ల అట్లాంటిది కాదు' అంటారని. ఆమె రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని తాపీగా అన్నారు.

"అనుమానం వచ్చింది గదా సార్, పరీక్ష పెట్టండి. నేను గాదు, బయటి మనిషిని పిలిపించండి."

మొదటి రోజు నుంచి ఆమె నన్ను దొంగగానే చూసిందని, ఇప్పుడు తన మీదికి రాకుండా నన్ను ముందుకు తోసిందని ఆ క్షణంలో నాకు రుజువైపోయింది.

రెండు రోజుల తర్వాత గుత్తి నుంచి ఒక ఫిజిక్స్ సారు వచ్చారు. ప్రిన్సిపాల్ గదిలోనే నన్ను కూర్చోబెట్టి చేతిరాతతో ప్రశ్నలు ఇచ్చారు. మేడంను నా ముఖం కనిపించకుండా దూరంగా కూర్చోమన్నారు. ప్రశ్నలన్నీ చేసుకుంటూ వచ్చాను. ఒకచోట ఆగిపోయాను. ఇరవై మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి అయిదు సెకన్లలో నేలను తాకింది, తాకేటప్పుడు దాని వేగమెంత అని ఉంది. క్లాసులో అందరికీ వచ్చే లెక్క. కాలంతో చేస్తే వేగం దాదాపు యాభై వచ్చింది. అలవాటు కొద్దీ ఎత్తుతో కూడా చేశాను. ఇరవై కూడా రాలేదు. నా తప్పేమోనని మళ్లీ చేశాను. అంతే.

"సార్, ఈ ప్రశ్నలో తప్పుంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఇచ్చింది చెయ్యమ్మా. రాకుంటే రాదని చెప్పు."

"రెండు దార్లలో రెండు జవాబులు వస్తున్నాయి సార్. ఇరవై మీటర్లు పడడానికి రాయికి అయిదు సెకన్లు పట్టదు."

"గాలి అడ్డముంటుంది గదా?"

"అంత గాలి అడ్డముంటే ఆ సూత్రాలే పనికిరావు సార్. మీరు అడిగిన వేగం చెప్పలేం."

ఏదో ఒక జవాబు రాసి ఇచ్చెయ్యమని మనసు పీకుతోంది. ప్రిన్సిపాల్‌గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏమప్పా, మన బిల్డింగు ఉండాది గదా. ఒక రాయి వదిలి చూస్తే పోలా?" అన్నారు. అటెండరు ఓబులేసు ఇటుక ముక్క తీసుకుని మూడంతస్తుల పైకెక్కాడు. మేమంతా కింద నిలబడ్డాం. ప్రిన్సిపాల్‌గారు గడియారం చూస్తూ, ఇటుక వదలగానే "ఒకటి" అన్నారు. "రెండు" అనడం పూర్తికాకముందే అది నేల మీద పగిలిపోయింది.

"ఇరవై మీటర్లయితే ఇంకొంచెం పడుతుంది సార్" అన్నాను. "అయిదు మాత్రం పట్టదు."

సారు జేబులోంచి తన కాగితం తీసి చూసుకున్నారు. "రెండు ఉండాల. ఎత్తి రాసేటప్పుడు అయిదు పడింది" అన్నారు నెమ్మదిగా. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగారు. "సార్, ఈ పాపకు ముందే పేపరు ఇచ్చింటే దాంట్లో తప్పులు ముందే దిద్ది పంపిచ్చిండేది. నన్ను బస్సెక్కనీండి." విచారణ అంతటితో అయిపోయింది. మేడం నా పక్కనుంచే నడిచి, ఒక్క మాటైనా అనకుండా క్లాసుకు పోయారు.

ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ రోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. పీజీ చేశాను, శింగనమల దారిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ ఫోన్ ఎవరు చేశారన్నది మాత్రం ముల్లులా ఉండిపోయింది. సుజాతను అనుమానించాను, ముందు బెంచీ పిల్లలను అనుమానించాను. చివరికి మేడంనే అనుమానించాను. ఆమె రిటైరై గుత్తిలో తమ్ముడి ఇంట్లో ఉంటున్నప్పుడు చూడడానికి పోయి, ఆ మాట ఆమెకే చెప్పేశాను. అప్పటికే బాగా నీరసించిపోయి ఉన్నారు. ఆ మాటకు మాత్రం లేచి కూర్చున్నారు.

"నేనా? ఎందుకట్ల అనిపించింది?"

"నాకు పరీక్ష పెట్టడమంటే మీకే కదా మేడం ఎక్కువ ఇష్టం."

దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మంచి అనుమానమే. ఎట్ల తేలుస్తావు?"

"తేల్చలేను."

"తేల్చేదానికి దారి లేకుంటే పక్కన పెట్టెయ్యి. మోసుకొని తిరగాకు. నేను గాదులే. నువ్వు నమ్మల్సిన పనిలేదు."

అప్పుడు అడిగాను, ఇన్నేళ్లు గొంతులో ఉన్న ప్రశ్న. "ఆ రోజు నా తరఫున ఒక్క మాట అనుంటే ఏం పోయేది మేడం?"

"నేను మాట్లాడింటే ఇద్దరూ కలిసి చేసినారనే అనుకుందురు. ఆ పొద్దు నా మాటకు విలువ యాడుండె?"

"మీరైనా నన్ను నమ్మారా?"

"నమ్మలేదు పద్మా. నమ్మేదానికేముంది? నాకు తెలుసు. మొదటి రోజు బోర్డు మీద చేసినావు చూడు, ఆ పొద్దే తెలుసు."

బయటికి వచ్చి, కోట కొండ కనిపించే ఆ వీధిలో ఒక అంగడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మొదటి రోజే తెలిసిన సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే నా లోపల ఎంత చీకటి తప్పేదో! ఆమె నుంచి నేను అన్నీ తీసుకున్నాను, ఆ మౌనం ఒక్కటి తప్ప. ఇప్పుడు నా క్లాసులో కొత్త పిల్లలెవరైనా మరీ బాగా రాస్తే నాకూ అనుమానం వస్తుంది. పిలుస్తాను, అంకెలు మార్చి మళ్లీ చేయిస్తాను, ఇంకో దారిలో చెయ్యమంటాను. ఆ పిల్ల కళ్లలో నా మీద కోపం కనిపిస్తూనే ఉంటుంది. లెక్క తేలగానే, క్లాసంతా ఇంకా అక్కడే ఉండగానే, గట్టిగా చెప్పేస్తాను: "నీకు వచ్చు. నాకు తెలుసు."