తిరగేసిన కేక

ఇస్త్రీ దుకాణం మామ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాలరు మీద మడత మిగిలితే ఇస్త్రీ పెట్టెను తిడుతుంది, బొత్తాం ఊడితే ఆ చొక్కా తొడుక్కున్నవాణ్ణి తిడుతుంది. అలాంటి మనిషి నలభై ఆరేళ్లుగా ఒక ఐదుగురిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

ఆ ఐదుగురూ కుర్రతనంలో ఆమె దుకాణం వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని రాక్ సంగీతం వాయించేవాళ్ళు. గిటార్ల రొద, చివర నుంచి మొదటికి తిరగేసి వేసిన టేపులు, వింటే కళ్ళు తిరిగే రకం. సైకడెలిక్ అంటారట. ఒక మధ్యాహ్నం ఆమె మొగుడు బట్టల మూట ఎత్తబోయి గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రి వీధి చివరే. ఆమె వెళ్లి షెడ్డు తలుపు దబదబా బాదింది. ఎవరూ రాలేదు. రోడ్డు మీదికి పరుగెత్తి ఎవరినో బతిమాలి తెచ్చేసరికి అంతా అయిపోయింది. పాపం, ఆ మోతలో వాళ్లకు వినపడలేదులే అనుకుంది. అడిగినవాళ్లందరికీ అదే చెప్పింది.

మొన్న పాత రికార్డులు సేకరించే ఒకాయన దుకాణానికి వచ్చాడు. ఆ ఐదుగురూ తరవాత బాగా పేరు తెచ్చుకున్నారట. ఎవరూ పట్టించుకోని వాళ్ల తొలి పాట ఒకటి ఇప్పుడు మళ్లీ విడుదలవుతోందట.

"అందులో మీ గొంతుంది మామ్మగారూ! తిరగేసి కలిపారు. అదేదో మంత్రమనుకుంటారు విన్న కొద్దిమందీ. అసలు టేపు నాకు దొరికింది, వినండి" అంటూ మురిసిపోతూ ఫోను నొక్కాడు.

డ్రమ్ముల మోత. తలుపు మీద దెబ్బలు. "బాబూ, తలుపు తీయండి! మా ఆయన పడిపోయాడు, ఒక చెయ్యి వెయ్యండి బాబూ!" చెప్పుల చప్పుడు దూరమైంది. డ్రమ్ములు ఆగాయి. పాటగాడి గొంతు తాపీగా అంది: "టేపు ఆపకురా. భలేగా ఉంది." ఎవరో కిసుక్కున నవ్వారు.

మామ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టె కింద చొక్కా కమిలిపోతున్నా చెయ్యి తియ్యలేదు.

"తరవాత ఆయన లేచారు కదండీ?" అన్నాడు వచ్చినాయన.

"లేవలేదు. వినపడలేదని ఊరంతటికీ చెప్పానయ్యా! దొంగ వెధవల తరఫున నేను సాక్ష్యం చెప్పాను, ఇన్నేళ్లూ!"

ఆయన గబుక్కున ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "విడుదల సభకు మిమ్మల్ని తీసుకురమ్మన్నాడు ఆ పాటగాడు. రారని చెప్పేస్తాను లెండి."

"ఎందుకు రానూ? వస్తాను. ఈ టేపు తిన్నగా వెయ్యి, తిరగెయ్యకు. వాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టు. అయిపోయాక మైకు వాడి చేతికియ్యి. భలేగా ఉందన్నాడుగా, అందరి ముందూ ఆ మాట మళ్లీ అనమను."