పత్తికట్టె ట్రాక్టర్ల ఎదుట వరలక్ష్మి గారు

నిన్న సాయంత్రం ఎ.కొండూరు నుంచి తిరువూరు వస్తుంటే పత్తికట్టె కాలుతున్న పొగ బస్సులోకి కొట్టింది. చేలల్లో కుప్పలు వేసి అంటించారు. ఘాటుకు అందరూ కిటికీలు మూసుకున్నారు. నాకు మాత్రం వరలక్ష్మి గారు గుర్తొచ్చారు. ఆ కట్టెను తగలబెట్టవద్దని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి ఆవిడ.

అప్పట్లో తిరువూరు శివార్లలో ఊక, పత్తికట్టె కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంటు ఉండేది. చదువు ముగించి నేను మొదట చేరింది అక్కడే. ఇంధనం కొనుగోలు చూసే వరలక్ష్మి గారు నా పై అధికారి. మాట తక్కువ. నేను తప్పు చేస్తే అరిచేవారు కాదు, పక్కన కూర్చుని మళ్ళీ చేయించేవారు. రైతుల దగ్గరికి నన్నూ తీసుకెళ్ళేవారు. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, పంట సంగతి అడిగాకే మా పని ఎత్తేవారు.

ప్లాంటు పెట్టినప్పుడు ఇలాంటి కరెంటును ప్రభుత్వమే ప్రోత్సహించింది. తర్వాత సోలార్ చవకైంది, విధానం అటు మళ్ళింది. మధ్యాహ్నం మా కరెంటు వద్దని విద్యుత్ సంస్థ నుంచి ఫోను వచ్చేది, పొద్దువాలాక కావాలనేవారు. బాయిలరును అలా ఆర్పి వెలిగించడం కుదిరే పని కాదు. ఫోను మోగితే చాలు, ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. చివరికి, గడువు ముగియబోతున్న మా కరెంటు కొనుగోలు ఒప్పందాన్ని పొడిగించబోమని కబురొచ్చింది.

ఆ మర్నాడే యజమాని గేటుకు తాళం వేయించారు. బయట పత్తికట్టె ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగిపోయాయి. బాయిలరు రిపేరులో ఉందని, వారం ఆగి రమ్మని రైతులకు చెప్పమన్నారాయన. వరలక్ష్మి గారు కిటికీలోంచి ట్రాక్టర్ల వైపు చూశారు.

“అలా చెప్తే వారం తర్వాత మళ్ళీ లోడు కట్టుకొస్తారు సార్,” అన్నారు.

నిజం చెబితే జనం ప్లాంటు మీద పడతారని ఆయన భయం. ఆవిడ వాచ్‌మన్ చేత పక్క తలుపు తీయించి బయటికి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను.

ప్లాంటు మూసేస్తున్నారని, ఇక కట్టె కొనరని ఆవిడ చెప్పగానే బూతులు వినిపించాయి. గంపలగూడెం వైపు రైతొకాయన ముందుకొచ్చాడు.

“మీ మాట నమ్మే కదమ్మా, చేలో తగలెయ్యకుండా ఇంత దూరం తోలుకొచ్చాం?”

“నా మాటే నమ్మారు. అందుకే నేనే వచ్చి చెప్తున్నాను.” ఆవిడ పక్కకు జరగలేదు.

వెనక నుంచి ఎవరో విసిరిన కట్టె ఆవిడ భుజానికి తగిలి కింద పడింది. ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు. అప్పుడావిడ గేటు వైపు తిరిగి, వచ్చిన లోడ్లన్నీ దించుకునేదాకా తాను లోపలికి రానన్నారు. ఎండ నడినెత్తికెక్కేదాకా అక్కడే నిలబడ్డారు. చివరికి యజమాని దిగొచ్చి గేటు తెరిపించారు. ఒప్పందం గడువు ముగిసేదాకా మిగిలిన ఆ కొద్ది రోజులూ బాయిలరు ఆ కట్టెతోనే నడిచింది. ఆవిడను మాత్రం మర్నాటి నుంచి రావద్దన్నారు. సంచీ సర్దుకుంటూ, నన్ను భోజనం చేశావా అని అడిగారంతే. తర్వాత కొన్నేళ్ళకు పోయారని తెలిసింది.

నేనిప్పుడు సోలార్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఈమధ్య భూములు లీజుకిచ్చే రైతులతో మీటింగు పెట్టాం. మా పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా అని ఒకామె అడిగింది. ఇలా అడిగితే ‘చూద్దాం’ అనమని మావాళ్ళు ముందే చెప్పారు. లేచి ఆమె దగ్గరికి వెళ్ళాను.

“ఉద్యోగాలు పెద్దగా ఉండవమ్మా. కాపలాకీ, సోలార్ పలకలు తుడవడానికీ నలుగురైదుగురు చాలు. అది తెలుసుకునే సంతకం పెట్టండి.”

వెనక కుర్చీలు జరిగిన చప్పుడైంది. జనం లేచి నా వైపు వస్తున్నారు. నేను అక్కడే నిలబడ్డాను.