పాము బండికి వారసుడు

మా కాలనీ పార్కులో ఒక పాము బండి ఉండేది. పెద్ద నగరాల పార్కుల్లో రోలర్ కోస్టర్ అంటారు చూడండి, దానికి బొగ్గు బావుల దగ్గర పుట్టిన తమ్ముడి వరస. గాలిలో మెలికలు తిరిగిన ఇనుప పట్టాలు, వాటి మీద ఒకదానికొకటి తగిలించిన డబ్బాలు. ఆ డబ్బాలు ఒకప్పుడు భూమి కింద బొగ్గు మోసిన టబ్బులు. వర్క్‌షాప్ కార్మికులు వాటిని కోసి, తలుపులు పెట్టి, సీట్లు బిగించి, అన్నిటికన్నా ముందున్న దానికి రేకుతో ఒక పడగ అతికించారు. ఇంజను తాడుతో ఆ టబ్బుల్ని ఎత్తు మీదికి లాగి వదిలేసేది. అక్కడి నుంచి వాటి బరువుకు అవే దూసుకొచ్చేవి. పిల్లల్నే కాదు, ఫస్టు షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రుల చేత కూడా కేకలు పెట్టించేది ఆ బండి. కరెంటు ప్లాంటు వాళ్ల జ్యోతినగర్ నుంచి ఇంజనీర్ల కుటుంబాలు కార్లేసుకొని వచ్చి మా గోదావరిఖని పిల్లల వెనక లైన్లో నిలబడేవి. ఆ ఒక్కచోట వాళ్లు మా వెనక నిలబడటం నాకు భలే ఇష్టంగా ఉండేది. దాచుకోవడం దేనికి?

దాన్ని నడిపేది మా ఆయన. అంతకు ముందు బావిలో టబ్బులు లాగే ఇంజను నడిపేవాడు. ఒకరోజు పైకప్పు నుంచి రాయి ఊడి మోకాలి మీద పడింది. దవాఖాన నుంచి వచ్చాక ఇక బావిలోకి దిగొద్దని చెప్పి, సర్ఫేస్ డ్యూటీ, అంటే నేల మీది పని ఇచ్చి పార్కుకు పంపారు. పాము బండిని తయారు చేసినప్పుడు వర్క్‌షాప్ స్నేహితులతో పాటు తనూ ఒక చెయ్యి వేసినవాడే, కాబట్టి దాన్ని కన్నబిడ్డలా చూసుకొనేవాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా పార్కుకే వెళ్లేవాడు. తెల్ల చొక్కా మీద గ్రీజు మరక లేకుండా ఇంటికొచ్చిన ఆదివారం ఒక్కటీ లేదు. ఉతికేదాన్ని కనుక నాకు బాగా తెలుసు.

నేనొక ప్రైవేటు బడిలో టీచర్ని. పార్కు గోడకు ఇవతలే మా బడి. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు పాము బండి బాగా ముసలిదైపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు మూలిగేది, మలుపుల్లో కీచుమనేది. పొద్దున్నే పార్కు తెరవకముందే మా ఆయన పానా పట్టుకొని, ఆ పాడు మోకాలుతోనే పట్టాల మీదికి ఎక్కి ఒక్కో బోల్టూ బిగించుకుంటూ పోయేవాడు. నేను బోర్డు మీద ఎక్కాలు రాస్తూ కిటికీలోంచి చూసేదాన్ని. ఆకాశంలో ఒక మనిషి కుంటుతూ నడుస్తున్నట్టు కనిపించేవాడు. నా చేతిలో సుద్దముక్క విరిగిపోయేది.

కొత్త బండి తెప్పించమని ఆఫీసులో అడుగు అని నేను చెవిలో పోరు పెడితే ఆయనది ఒకటే జవాబు. దీన్ని తీసేస్తే తననూ తీసేస్తారట. ఈ మోకాలికి తగ్గ పని ఇంకెక్కడా లేదు, నేరుగా ఇంటికి పంపేస్తారట. ఆయన భయం ఉత్తదేమీ కాదు. బిడ్డ ఇంకా చదువుకుంటోంది, నా జీతం ఒక ఇల్లు గడిచేటంత లేదు. అందుకని ఏమీ అనలేకపోయేదాన్ని. ఏమీ అనలేకపోవడం నా ఒంటికి పడదు.

ఒక ఆదివారం సాయంత్రం తాడు ఇరుక్కొని టబ్బులు సరిగ్గా ఎత్తు మీద ఆగిపోయాయి. నిండా జనం. ముందు టబ్బులో మా పక్క క్వార్టరు అవ్వ, ఆమె మనవరాలు. మా ఆయన పైకెక్కాడు. ఒక్కొక్కరిని చెయ్యి పట్టి, భయపడ్డ వాళ్లను వీపు మీద వేసుకొని, పట్టాల పక్కనున్న ఇనుప మెట్ల మీదుగా కిందికి దించాడు. అవ్వనైతే చంటిపిల్లను మోసినట్టు మోశాడు. జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, ఆయనను భుజాలకెత్తుకున్నారు. నేను మాత్రం కొట్టలేదు. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చి చెట్టు కింద కూలబడ్డాను.

మర్నాడే పెద్దాఫీసరు వచ్చి చూసి బండిని ఆపించాడు. పట్టాలతో సహా తీసేయడమే మంచిదన్నాడు. అంతే, ఊరు భగ్గుమంది. పాము బండి జోలికొస్తే ఊరుకోమని గోడల మీద రాతలు మొదలయ్యాయి. వాళ్ల బాధ నాకు తెలియక కాదు. మా దగ్గర మూసిన బావి మళ్లీ తెరుచుకోవడం ఎవరూ చూడలేదు. పోయింది పోయినట్టే, దాని చోట పిచ్చిచెట్లు మొలుస్తాయి. అందుకే ముసలిదైనా ఇదే మేలని పట్టుబట్టారు. ముసలిదాన్ని దించి కొత్తది పెట్టాలని అన్నది ఊరు మొత్తంలో నేను ఒక్కదాన్నే.

నల్లా దగ్గర నీళ్లు పడుతుంటే పక్కింటి అవ్వ నలుగురిలో అననే అన్నది.

"మొగని పొట్ట కొట్టే ఆడిదాన్ని ఇప్పుడే చూస్తున్న."

ఎత్తు మీద నుంచి మా ఆయన మోసుకొచ్చిన అవ్వే ఆ మాట అన్నది. ఆయన వరండాలో కూర్చొని వింటూనే ఉన్నాడు. కాదని ఒక్క మాట అనలేదు. నేను నిండిన బిందెను ఆయన పక్కనే దబ్బున దించి లోపలికి పోయాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం గేటు మీటింగులు జోరుగా సాగుతున్న రోజులవి. బావుల గేట్ల దగ్గర జరిగే మీటింగు ఈసారి పార్కు గేటు దగ్గర పెట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు యూనియన్లూ జెండాలు పట్టుకొని వచ్చాయి. పెద్దాఫీసరునూ పిలిచారు. బండిని కాపాడుకోవాలని ఒకరి తర్వాత ఒకరు గొంతు చించుకుంటున్నారు. ముందు వరసలో ఆడవాళ్ల మధ్య కూర్చొని వింటున్న నాకు మా బావుల పద్ధతి ఒకటి మెదిలింది. మా దగ్గర కార్మికుడికి ఒళ్లు సహకరించకపోతే డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తారు. అప్పుడు అతని పని కొడుక్కి ఇప్పించాలని ఇంటిల్లిపాదీ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఎన్నో ఇళ్లు ఆ ఉద్యోగపు ఆర్డరు కోసమే బతికాయి. దాని మీద జరిగినన్ని సమ్మెలు ఇంకెందుకూ జరగలేదు. ముసలాయనను ఇంకా బావిలోకే దింపండని అడిగిన ఇల్లు మాత్రం నేను చూడలేదు.

లేచి నిలబడ్డాను. టీచర్ గొంతు కదా, మైకు అవసరం రాలేదు.

"పాము బండి అన్‌ఫిట్ అయింది. మీకు ఎరుకే, నాకు ఎరుకే. మన ఇంట్ల పెద్దమనిషి అన్‌ఫిట్ అయితే ఇంకా బాయిల దిగుమంటమా? కొడుకు ఆర్డర్ ఏదని అడుగుతం. గిప్పుడు గూడ గదే అడుగుదాం. కొత్త బండి డ్యూటీల చేరాలె, అప్పటిదాక పాతదాని మీద చెయ్యి పడొద్దు."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వెనక్కి పాకి మీటింగంతా గొల్లుమంది. నవ్వు ఆగేసరికి అది నినాదమైపోయింది. పాము బండికి వారసత్వ ఉద్యోగం ఇవ్వాలని రెండు యూనియన్లూ ఒకే గొంతుతో అరిచాయి. అటువంటి వింత ఆ గేటు ముందు మళ్లీ జరగలేదు. పెద్దాఫీసరుకు కూడా నవ్వు ఆగలేదు. పైవాళ్లతో మాట్లాడతానని ఒప్పుకున్నాడు.

నేను ఇంకా కూర్చోలేదు. కొత్త బండిని కూడా మా ఆయనే నడపాలని అడిగాను. ఆఫీసరు నవ్వు అక్కడ ఆగింది. కొత్త బండి బటన్లతో నడుస్తుందనీ, అమ్మేవాళ్లే తమ ఆపరేటర్‌ను పంపుతారనీ, ఆ సంగతి తర్వాత చూద్దామనీ అన్నాడు. తర్వాత చూద్దాం అంటే ఏమిటో ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లెవరికైనా తెలుసు. ఇంటికొచ్చాక మా ఆయన గోడ వైపు తిరిగి ఒకటే మాట అన్నాడు.

"బండికి నౌకరి దొరికింది. నాది పోయింది."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా తప్పు చేశానని మాత్రం అనిపించలేదు. బతికి ఇంట్లో కూర్చున్న మొగుడు పట్టాల మీద నుంచి పడిన మొగుడి కన్నా నయమని గట్టిగానే చెప్పాను. చాలా రోజులు మా మధ్య ఉప్పు, పప్పు తప్ప వేరే మాట నడవలేదు.

కొత్త బండి లారీల్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది. పాతదాని పక్కనున్న ఖాళీ జాగాలో బిగించడం మొదలుపెట్టారు. అంతవరకు గేటు దగ్గర కూర్చోమని మా ఆయనకు డ్యూటీ వేశారు. మొదట్లో ఆయన చేతులు కట్టుకొని దూరం నుంచి చూసి పెదవి విరిచేవాడు. తర్వాత ఫిట్టర్లకు పానాలు అందించడం మొదలుపెట్టాడు. వాళ్లు భాష రాని ఊరి నుంచి వచ్చిన పిల్లలు. మా ఇంటి నుంచి పోయే చాయ్ వాళ్లకు అలవాటైపోయింది. అమ్మేవాళ్ల ఆపరేటర్ ఒక తెలుగు కుర్రాడు, మర్యాదస్తుడు. బటన్లన్నీ మా ఆయనకు చూపించాడు. ఇసుక బస్తాలు వేసి బండిని తిప్పి చూసే రోజులు వచ్చేసరికి, మా బడి కిటికీలోంచి చూస్తే బటన్ల ముందు నిలబడ్డది మా ఆయనే. ఆఫీసు నుంచి మాత్రం ఆయన గురించి ఒక్క కబురూ లేదు.

బండి ప్రారంభించిన రోజు గురించి ఎవరిని అడిగినా సాయంత్రం జరిగిన ఊరేగింపు గురించే చెబుతారు. మా దగ్గర కార్మికుడి ఆఖరి డ్యూటీ రోజున దండలు వేసి, శాలువా కప్పి, డప్పులతో ఇంటిదాకా తీసుకెళ్తారు. పాత బండికీ అదే చేశారు. పడగ టబ్బును లారీ ఎక్కించాక దీని ఇల్లు ఏదని పెద్ద తర్జనభర్జన జరిగింది. పుట్టింది వర్క్‌షాప్‌లో కాబట్టి అక్కడికే తీసుకెళ్లాలని తేల్చారు. డప్పుల మోతకు గోదావరి అవతలి నస్పూర్ నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కూడా చిందులేశారు. బాగానే జరిగింది, కాదనను. కానీ నేను చెప్పేది పొద్దున జరిగిన సంగతి.

పొద్దున పెద్దాఫీసరు రిబ్బన్ కత్తిరించాడు. బటన్ల ముందు కొత్త యూనిఫాంలో ఆ కుర్రాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని జనంలో ఒక పక్కన. మొదటి రౌండుకు జనం ఎక్కారు. మొదటి సీట్లో పక్కింటి అవ్వ కూర్చుంది. ఒడి మీదికి కడ్డీ దిగింది. ఆమె మెడ తిప్పి ఆ కుర్రాణ్ణి అడిగింది.

"బండి ఎవరు నడుపుతున్నరు బిడ్డా?"

తానేనని అతను చెప్పాడు.

"నువ్వు మంచోనివే గావచ్చు. కని నన్ను ఆ మీదికెల్లి దించింది నువ్వు గాదు. ఈ కడ్డీ తియ్యి, నేను దిగుత."

అవ్వ దిగింది. వెనక సీటువాళ్లు దిగారు. దాని వెనకవాళ్లూ దిగారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు, ఎవరూ గొడవ చేయలేదు. బావిలో మనుషుల్ని దించే ఇంజను మీద ఎవరున్నారో కనుక్కోకుండా అడుగు వేయని ఊరు మాది. నన్ను పొట్ట కొట్టేదన్న ఆడవాళ్లందరూ పిల్లల్ని పట్టుకొని పచ్చగడ్డి మీద కూర్చున్నారు. బండి ఖాళీగా నిలబడింది. అంత చిన్న సమ్మె, అంత గట్టి సమ్మె మా బొగ్గుబావుల చరిత్రలో ఇంకోటి ఉండదని నా నమ్మకం.

పెద్దాఫీసరు మా ఆయనను పిలిచి ఇది నడపడం వచ్చా అని అడిగాడు. మా ఆయన నోరు పెగిలేలోపే ఆ కుర్రాడు, వచ్చని, అన్ని పరీక్షలూ ఆయనే చేశాడని చెప్పాడు. సరే అయితే నిలబడు అన్నాడు ఆఫీసరు. అక్కడితో వదిలేస్తే నేను నేనెందుకవుతాను?

"ఇయ్యాల్టికేనా సార్, రోజూనా?"

ఆఫీసరు నా వైపు చూశాడు. గడ్డి మీద కూర్చున్న వాళ్ల వైపు చూశాడు. ఒక్కరూ లేవలేదు.

"రోజూనమ్మా. రేపటి నుంచి ఆఫీసు ఆర్డరుతోనే నడుపుతాడు. ఇప్పుడన్నా ఎక్కుతారా?"

అప్పుడు లేచారు. మా ఆయన బటన్ల ముందుకు వెళ్లాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి, ముందు సీట్లో కూర్చోమని చేత్తో చూపించాడు. అవ్వ పక్కన కూర్చున్నాను. బండి మూలగకుండా, కీచుమనకుండా ఎత్తు ఎక్కింది. పైనుంచి చూస్తే ఊరంతా కనిపించింది, కింద బటన్ల ముందు మా ఆయన కనిపించాడు. రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, "గెలిచిన!" అని అరిచాను.

పక్కనుంచి అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"గెలిచినం అను."

సరిచేసి అరిచే లోపే బండి కిందికి దూకింది. ఇద్దరం కలిసే అరిచాం.