కంట్లో పువ్వున్న ఆవు, నా డైరీలో రెండు పేజీలు

నా చిన్నప్పుడు పుంగనూరులో మా తాత దగ్గర ఉండి చదువుకున్నాను. అమ్మానాన్న కుప్పంలో పనిచేసేవారు. బడిలో నాతో మాట్లాడేవాళ్లు తక్కువ, నేను మాట్లాడేది ఇంకా తక్కువ. వారానికి ఒక్క లైబ్రరీ పీరియడు ఉండేది. పుస్తకం తెరిచి కూర్చుంటే మనం ఒంటరిగా ఉన్నట్టు ఎవరికీ కనబడదు. ఆ గంట కోసమే మిగతా వారమంతా బడికి పోయేదాన్ని.

ఏడో తరగతిలో ఆ గంటను లెక్కలకు ఇచ్చేస్తామని హెడ్మాస్టరు చెప్పారు. నేను లేచి, "వద్దు సార్" అని మాత్రం అన్నాను.

"పుస్తకాలు చదివితే రాత బాగుపడతాదంటారు గదా. నేను నమ్మేట్టు రాసుకుని రా పాపా, చూద్దాం" అన్నారాయన.

వెనక బెంచీలోంచి ఎవరో, "ఆ పాప రాసేలోపల మనం పది పాసైపోతాంలేప్పా" అన్నారు.

ఇంటికొచ్చి రాశాను. పుస్తకాలు విజ్ఞాన గనులని, మంచి నేస్తాలని, పెద్దలంతా చదవమన్నారని పేజీ నింపి తాతకు వినిపించాను. తాత పశువుల సంతలో దళారి. చదువు రాదు. కళ్లు మూసుకుని అంతా విని, "బాగుండాది. నేనైతే కొనను" అన్నాడు.

మరునాడు సంతకు నన్ను వెంట తీసుకుపోయాడు. సదుం నుంచి వచ్చిన రైతు ఒకాయన తన ఆవును అమ్మిపెట్టమని తాత చేతికిచ్చాడు. చుట్టూ దళారులు తమ ఆవులను మహాలక్ష్ములని అరుస్తున్నారు. తాత అరవలేదు. బైరెడ్డిపల్లె మనిషి ఒకడు బేరానికి రాగానే, "ముందే చెప్తాండానప్పా. దీనికి ఎడమ కంట్లో పువ్వుండాది, సూసుకో" అన్నాడు. రైతు ముఖం మాడిపోయింది. వచ్చినవాడు ఆ తెల్లమచ్చను చాలాసేపు చూశాడు. అప్పుడు తాత అతనికి చెంబు ఇచ్చి, "పాల సంగతి నేను చెప్పను. నువ్వే పిండుకో" అన్నాడు. చెంబు నిండేసరికి ఆవు మెడలోని పలుపు చేతులు మారింది.

దారిలో తాత అన్నాడు: "కొదవ నువ్వే చెప్తే మిగతాది నమ్ముతారమ్మా. పాలను పొగడద్దు, పిండుకోనీ. నీ చెంబు యాడుండాది?"

నా దగ్గరున్నది డైరీ ఒక్కటే. ఎవరికీ చూపనిది. సాయంత్రమంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుని, చివరికి రెండు పేజీలు చించాను. లైబ్రరీకి పోకముందు రాసిన పేజీలో ఇంతే ఉంది: "ఈరోజు అమ్మ రాలేదు. బాధగా ఉంది." ఏడాది తర్వాతి పేజీలో సంగతి అదే: "కుప్పం బస్సు వచ్చింది. అందరూ దిగారు. కండక్టరు కూడా దిగి టీ తాగుతున్నాడు. బస్సు తలుపు ఇంకా తెరిచే ఉంది."

పైన ఒక చీటీ పెట్టాను: "సార్, నేను లెక్కల్లో వెనకబడ్డాను. లెక్కలకు ఆ గంట నాకే ఎక్కువ అవసరం. అయినా ఈ రెండూ చదవండి. మధ్యలో నేను చేసింది చదవడమొక్కటే."

లైబ్రరీ పీరియడు పోకుండా నిలిచింది. పేజీలు తిరిగి నా చేతికి వచ్చాయి. రెండోదాని కింద ఎర్ర సిరాతో ఆయన రాసిన ప్రశ్న ఉంది: "తర్వాత ఏమైంది?"

అంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఇప్పుడు మదనపల్లెలో ఒక్కదాన్నే ఉంటున్నాను. రోజూ డైరీ రాస్తాను. నా కొదవ దాచకుండా మొదలుపెడతాను. అడిగేవాళ్లు ఎవరూ లేకపోయినా, తర్వాత ఏమైందో రాయకుండా పేజీ మూయను.